చిగుళ్ల జబ్బు అదుపులోకి వచ్చాక ఏం చేయాలి? పాఠకుల సందేహాలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చిగుళ్ల జబ్బు గురించే ఉన్నాయి. వాటిలోనూ చికిత్స పూర్తయిన తరువాత ఎలా మసలుకోవాలన్న ప్రశ్నే పదేపదే కనిపించింది కనుక ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను కుదించి, పేర్లు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. వయసు 61. చిగుళ్ల నుంచి రక్తం, చీము వస్తుంటే కిందటి ఏడాది నాలుగు విడతలుగా పళ్లను లోతుగా శుభ్రం చేయించుకున్నాను. ఇప్పుడు రక్తం లేదు, నొప్పి లేదు. అయినా డాక్టరు గారు మూడు నెలలకోసారి రమ్మంటున్నారు. జబ్బు తగ్గాక కూడా ఇలా తిరగడం అవసరమా? ఇదంతా డబ్బు కోసమేనని మా ఇంట్లోవాళ్లు అంటున్నారు. (విజయనగరం)

జవాబు: మాస్టారూ, మీ సందేహం సహజమైనదే కానీ మీ జబ్బు తగ్గిపోలేదు, అదుపులోకి వచ్చింది. ఆ తేడా తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. చిగుళ్ల జబ్బు మొదటి దశలో చిగురు అంచు మాత్రమే ఎర్రబడి, వాచి, పళ్లు తోముకున్నప్పుడు రక్తం వస్తుంది. పాచిని శుభ్రంగా తీసివేస్తే ఆ చిగురు మళ్లీ పూర్వస్థితికి వస్తుంది. అప్పుడు పట్టించుకోకపోతే కొందరిలో వాపు లోపలికి దిగి, పంటిని పట్టి ఉంచే నారనూ దాని చుట్టూ ఉన్న దవడ ఎముకనూ కొద్దికొద్దిగా హరిస్తుంది. అలా పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. చీము వచ్చిందన్నారు, నాలుగు విడతల చికిత్స జరిగిందన్నారు కనుక మీది ఈ రెండో దశే అయి ఉంటుంది. చికిత్స వల్ల వాపు చల్లారి, ఎముక పోవడం ఆగింది. అయితే ఎముక తగ్గిన చోట పంటికీ చిగురుకూ మధ్య కొంత లోతు మిగిలిపోయి ఉండవచ్చు, అక్కడికి మీ బ్రష్ చేరదు.

పన్ను శుభ్రం చేసిన కొన్ని గంటలలోనే దాని మీద సూక్ష్మజీవుల పొర మళ్లీ పేరుకోవడం మొదలవుతుంది. చిగురు కింద లోతైన చోట్ల, చికిత్సతో తగ్గిపోయిన హానికర సూక్ష్మజీవులు సుమారు 9 నుంచి 12 వారాలలో తిరిగి పాత స్థాయికి చేరుకోగలవు. మూడు నెలల గడువు అక్కడి నుంచి వచ్చినదే. వరి మడిలో ఒకసారి కలుపు తీసినంత మాత్రాన ఆ కారు మొత్తానికి సరిపోతుందని ఏ రైతూ అనుకోడు. అలాగే ఈ జబ్బులో మొదటి శుభ్రత చికిత్సకు ఆరంభం మాత్రమే, ఆ తరువాత క్రమం తప్పకుండా జరిగే పరీక్షలూ శుభ్రతలే అసలు చికిత్స.

నొప్పి లేదన్న ధైర్యం మాత్రం పెట్టుకోకండి. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే ముదురుతుంది, నొప్పి తెలిసేనాటికి పన్ను కదలడం మొదలై ఉంటుంది. శ్రీలంక తేయాకు తోటలలో పనిచేసే 480 మంది కార్మికులను పరిశోధకులు 1970 నుంచి 15 ఏళ్లపాటు గమనించారు. వారికి దంత వైద్యమూ లేదు, రోజూ పళ్లు శుభ్రం చేసుకునే అలవాటూ లేదు. వారిలో సుమారు 8 శాతం మందికి జబ్బు చాలా వేగంగా ముదిరింది, 81 శాతం మందికి మధ్యస్థంగా సాగింది, 11 శాతం మందికి చిగుళ్ల వాపు దాటి ముందుకు పోలేదు. ఇందుకు పూర్తిగా భిన్నమైన అనుభవం స్వీడన్‌లో కనిపించింది. అక్కడ 30 ఏళ్లపాటు క్రమబద్ధంగా శుభ్రత చేయించుకుంటూ, ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలో నేర్చుకుంటూ వచ్చినవారు అంత కాలంలో సగటున రెండు పళ్లు కూడా పోగొట్టుకోలేదు. ఆ పోయినవాటిలోనూ ఎక్కువ భాగం వేరు విరగడం వంటి ఇతర కారణాల వల్ల పోయినవే.

ఇక డబ్బు కోసమేనా అన్న అనుమానాన్ని తీర్చుకునే మార్గం మీ చేతిలోనే ఉంది. మూడు నెలల పరీక్షలో డాక్టరు మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీని చిగురు అంచు వెంట నెమ్మదిగా దించి, ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలవాలి. పక్కన ఉన్న సహాయకురాలు ‘మూడు, రెండు, మూడు’ అంటూ ఆ అంకెలను రాసుకుంటుంది. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే ఆరోగ్యమే. 4 లేదా అంతకు మించి ఉండి, కడ్డీ తీయగానే రక్తం కూడా కనిపిస్తే ఆ చోట జబ్బు ఇంకా రగులుతున్నట్టు లెక్క. నోటిలో 28 పళ్లుంటే 168 చోట్ల కొలత వస్తుంది. రక్తం వచ్చిన చోట్లు అందులో పదో వంతు లోపే ఉండి, లోతులు స్థిరంగా ఉంటే గడువును నాలుగు లేదా ఆరు నెలలకు పెంచవచ్చు. నాలుగో వంతు దాటితే తగ్గించవలసి రావచ్చు. కాబట్టి ‘నా కొలతల కాగితం చూపించండి, కిందటిసారికీ ఇప్పటికీ తేడా చెప్పండి’ అని నిస్సంకోచంగా అడగండి. కొలవకుండా పైపైన పాలిష్ చేసి పంపిస్తుంటే మీ ఇంట్లోవారి అనుమానంలో న్యాయం ఉంది. కొలిచి, అంకెలు చూపించి రమ్మంటుంటే వెళ్లడం మానకండి.

ప్రశ్న: క్లీనింగ్ చేయించుకున్నాక నా ముందు పళ్ల మధ్య సందులు వచ్చాయి, చల్లని నీళ్లు తగిలితే జివ్వుమంటోంది. యంత్రంతో గీకితే పళ్లు అరిగి వదులవుతాయని మా అత్తగారు ముందే చెప్పారు. మళ్లీ వెళ్లాలంటే భయంగా ఉంది. (చీపురుపల్లి)

జవాబు: అమ్మా, ఆ సందులు యంత్రం చేసినవి కావు. ఎముక తగ్గి, చిగురు కిందికి జారినప్పుడే అవి ఏర్పడ్డాయి. ఇంతకాలం గట్టిపడిన గార, వాచిన చిగురు కలిసి వాటిని కప్పి ఉంచాయి. గార తీసి, వాపు తగ్గగానే బయటపడ్డాయి. పళ్లు వదులైనట్టు అనిపించడానికి కారణం కూడా ఇదే. గార గోడలా పళ్లను ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది, అది పోయాక అసలు కదలిక తెలుస్తుంది. చిగురు గట్టిపడిన కొన్ని వారాలలో ఆ కదలిక చాలామందిలో తగ్గుతుంది. యంత్రపు మొన సెకనుకు పాతిక వేలకు పైగా అతి చిన్న ప్రకంపనలతో గారను పగలగొడుతుంది. తగిన రీతిలో వాడితే పంటి పైపొరకు చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.

జివ్వుమనడం మాత్రం నిజమైన ఇబ్బందే. వేరు భాగానికి పైన ఉండే గట్టి ఎనామిల్ పొర ఉండదు కనుక చల్లదనం నేరుగా తగులుతుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టును రోజుకు రెండుసార్లు వాడితే రెండు నుంచి నాలుగు వారాలలో తగ్గుముఖం పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే మీ డాక్టరు ఆ వేరు భాగంపై ఫ్లోరైడ్ పూత వేస్తారు. మీ అత్తగారి మాటలో ఆమె చూసిన అనుభవం ఉండవచ్చు. ముదిరిపోయిన దశలో వెళ్లినవారికి శుభ్రత తరువాత పళ్లు ఊడడం ఆమె చూసి ఉంటారు. ఆ పళ్లు ఊడింది జబ్బు వల్ల.

ప్రశ్న: రోజుకు రెండుసార్లు తోముకుంటున్నా రక్తం వస్తూనే ఉంది. గట్టి బ్రష్‌కు మారితే మేలా? వేప పుల్ల, కచ్చిక వాడమని పెద్దలు చెబుతున్నారు. (రాజాం)

జవాబు: గట్టి బ్రష్ వద్దు. రక్తం వస్తున్నది బ్రష్ తగలని చోట పేరుకున్న పాచి వల్ల కనుక, బలం పెంచితే ఫలితం ఉండదు. ఎక్కడ తగలడం లేదో వెతకాలి. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనించి, ఉన్న చోటనే అతి చిన్నగా కదిలిస్తూ, రెండేసి పళ్ల చొప్పున ముందుకు జరగండి. చాలామంది వదిలేసే చోట్లు రెండున్నాయి. కింది ముందు పళ్ల లోపలి వైపు, నాలుక కింద లాలాజలం ఊరే రంధ్రాలు ఉండడం వల్ల, గార అన్నిటికన్నా త్వరగా పేరుకుంటుంది. అక్కడ బ్రష్‌ను నిలువుగా పట్టుకుని దాని కొన భాగంతో ఒక్కో పన్నును విడివిడిగా తోమాలి. పై దవడ వెనుక పళ్ల బుగ్గ వైపు రెండోది. నోరు పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని బ్రష్‌కు చోటు ఉండదు కనుక, నోటిని సగం మూసి లోపలికి పోనివ్వాలి.

ఇంత చేసినా పళ్ల సందులలోకి మామూలు బ్రష్ పోదు, చిగుళ్ల జబ్బు ఎక్కువగా మొదలయ్యేది ఆ సందులలోనే. సందు బిగుతుగా ఉంటే దంత దారం, ఎడం ఉంటే తీగ చుట్టూ కుచ్చు ఉండే చిన్న బ్రష్ వాడాలి. ఒకసారి చిగుళ్ల జబ్బు వచ్చినవారికి రెండోదే ఎక్కువ ఉపయోగం. ఈ చిన్న బ్రష్‌లు అనేక పరిమాణాలలో దొరుకుతాయి. కొంచెం పట్టుకున్నట్టు ఉండి, నెట్టకుండానే లోపలికి వెళ్లేదే మీ సందుకు సరైన పరిమాణం. ఒకే నోటిలో రెండు మూడు పరిమాణాలు అవసరం కావచ్చు కనుక మీ డాక్టరు చేత అద్దం ముందు కూర్చుని ఎంపిక చేయించుకోండి. పేస్టు అక్కరలేదు. రాత్రి పడుకునే ముందు ప్రతి సందులోనూ నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, కడిగి ఆరబెట్టి, కుచ్చు చెదిరిపోగానే మార్చండి. మొదటి వారం రక్తం కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది, అందుకు భయపడి మానకండి. రెండు వారాలలో తగ్గాలి. తగ్గకపోతే లోపల గార ఉందనే అర్థం, దాన్ని ఇంట్లో తీయలేరు. గుండుసూదులు, పిన్నీసులు, చీపురు పుల్లలు మాత్రం సందులలో పెట్టకండి.

మెత్తగా నమిలిన వేప పుల్లతో హాని లేదు కానీ అది సందులలోకి చేరదు, పళ్ల లోపలి వైపు తోమదు. కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి, రాతి ఉప్పుతో రుద్దడం పూర్తిగా మానాలి. చిగురు జారి బయటపడ్డ వేరు మెత్తగా ఉంటుంది కనుక అవి అక్కడ గాడులు చేస్తాయి. గోరువెచ్చని ఉప్పు నీటితో పుక్కిలించడం వేరు, అది మంచిదే. క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం డాక్టరు చెప్పినన్ని రోజులే, సాధారణంగా రెండు వారాలు వాడాలి. ఎక్కువ కాలం వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది కనుక అరగంట ఆగండి.

ప్రశ్న: పదేళ్లుగా సుగర్ ఉంది. చిగురు మీద పదేపదే చీముగడ్డలు లేస్తున్నాయి. రెండింటికీ సంబంధం ఉందా? (బొబ్బిలి)

జవాబు: బలమైన సంబంధం ఉంది, అదీ రెండు వైపులా. సుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో నిరంతరం ఉండే వాపు సుగర్‌ను అదుపులోకి రానివ్వదు. చిగుళ్ల చికిత్స తరువాత మూడు నాలుగు నెలలకు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ విలువ సగటున 0.4 శాతం మేర తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. చిన్న అంకెలా కనిపించినా సుగర్ వైద్యంలో అది విలువైన తగ్గుదలే. పదేపదే చీముగడ్డలు రావడం సుగర్ అదుపులో లేదనడానికి సూచన కావచ్చు కనుక ముందు ఆ పరీక్ష చేయించుకోండి. పళ్ల డాక్టరు దగ్గరికి ఉదయం పూట, టిఫిన్ తిని, మాత్ర వేసుకుని వెళ్లండి. ఖాళీ కడుపుతో వెళితే కుర్చీలోనే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు డయాలసిస్. బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నారు. చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేస్తున్నాయి. పంటి నొప్పి వస్తే మందుల దుకాణంలో అడిగి మాత్రలు తెచ్చి వేస్తున్నాం. (సోంపేట)

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ మాత్రలు ఆపండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలోని ప్రతి కుటుంబానికీ ఈ మాట చేరాలని కోరుకుంటున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. కిడ్నీ కొంత దెబ్బతిన్న దశలో ఉన్నవారిని అవి డయాలసిస్ దాకా నెట్టగలవు. డయాలసిస్‌లో ఉన్నవారికి మిగిలిన కాస్త పనితనాన్నీ పోగొట్టి, రక్తస్రావాన్ని కూడా పెంచగలవు. నొప్పికి పారాసిటమాల్‌ను కిడ్నీ డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రమే ఇవ్వండి. యాంటీబయాటిక్‌లు కూడా ఆ డాక్టరుకు చెప్పకుండా వాడకండి, వాటిలో చాలావాటికి మోతాదు మార్చవలసి ఉంటుంది.

చిగుళ్లు పెరగడానికి అమ్లోడిపిన్ కారణం కావచ్చు. అది కొందరిలో తెలిసిన దుష్ఫలితమే, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇలాగే చేయగలవు. అయినా మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపకూడదు. మరో మందుకు మార్చడం వీలవుతుందేమో కిడ్నీ డాక్టరును అడగండి. పాచి ఉన్నచోటే ఈ పెరుగుదల ఎక్కువగా ఉంటుంది కనుక, క్రమంగా శుభ్రత చేయిస్తే మందు మార్చకపోయినా చాలావరకు తగ్గే అవకాశం ఉంది. డయాలసిస్ రోజున రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనుక పళ్ల శుభ్రతను మరుసటి రోజుకు పెట్టుకోండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన ఏర్పాటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి. ముందు ముందు కిడ్నీ మార్పిడి ఆలోచన ఉంటే నోటిలోని ఇన్‌ఫెక్షన్‌ను ముందే తొలగించుకోవాలని ఆ వైద్యులే అడుగుతారు.

ప్రశ్న: మా అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ (నిప్పు వైపు నోటిలో పెట్టుకుని చుట్ట) తాగుతుంది. పళ్లు ఒక్కొక్కటిగా కదులుతున్నాయి. కానీ చిగుళ్ల నుంచి ఎప్పుడూ రక్తం రాదు కనుక చిగుళ్లు గట్టివేనంటుంది. (శ్రీకాకుళం జిల్లా తీర గ్రామం)

జవాబు: రక్తం రాకపోవడమే ఇక్కడ మోసం చేస్తుంది. పొగాకు చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదించివేస్తుంది, దానితో జబ్బు లోపల ముదురుతున్నా పైకి రక్తం రాదు, ఎరుపు కనిపించదు. చికిత్స చేసినా చిగురు మానడం ఆలస్యమవుతుంది. పొగ మానకుండా మూడు నెలలకోసారి శుభ్రత చేయించినా రావలసినంత ఫలితం రాదు.

చుట్ట నిప్పు వైపును నోటిలో పెట్టుకునే ఈ అలవాటులో అంతకన్నా పెద్ద ప్రమాదం అంగిలికి ఉంది. శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అంగిలిలో వచ్చే మార్పుల గురించి 1971లో ప్రచురించిన అధ్యయనం నేటికీ ప్రపంచమంతటా నోటి క్యాన్సర్ పుస్తకాలలో ప్రస్తావనకు వస్తుంది. పగటి వెలుతురులో మీ అమ్మగారిని తల వెనక్కి వాల్చి నోరు తెరవమనండి. అంగిలి మీద తెల్లని మందపాటి పొర, దాని మధ్య ఎర్రని మచ్చలు, రెండు వారాలు దాటినా మానని పుండు, గడ్డ ఏది కనిపించినా పళ్ల సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. ఏదీ కనిపించకపోయినా ఒకసారి చూపించండి, ఎందుకంటే మొదటి మార్పులు మన కంటికి తెలియకపోవచ్చు. పంటి నొప్పి తగ్గుతుందని ఈ అలవాటు మొదలుపెట్టామని చెప్పే పెద్దమ్మలు చాలామంది ఉంటారు కనుక ఆమెను మందలించకుండా, ముందు పంటి నొప్పికి వైద్యం చేయించి, ఆ తరువాత పొగ మానడం గురించి మాట్లాడండి. మానడానికి సాయం చేసే జాతీయ ఉచిత ఫోన్ సేవ ఉంది: 1800-11-2356.

ప్రశ్న: ఐదో నెల గర్భిణిని. చిగుళ్లు వాచి రక్తం వస్తోంది. ఇప్పుడు క్లీనింగ్ చేయించుకోవచ్చా? (నెల్లిమర్ల)

జవాబు: నిశ్చింతగా చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అందుకు అనువైనది. గర్భిణులలో హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు ఎక్కువగా వాస్తాయి. గర్భిణినని ముందే చెప్పండి, మందులు అడగకుండా వేసుకోకండి.

ప్రశ్న: మాది మందస. ఇల్లు కట్టే పనులకు వేరే రాష్ట్రం వెళతాను, ఏడాదికి రెండుసార్లు వస్తాను. ఇక్కడి డాక్టరు గారు మూడు నెలలకోసారి రమ్మన్నారు. నాలాంటివాళ్లు ఏం చేయాలి? (మందస)

జవాబు: ఒకే డాక్టరు దగ్గరికి రావడం మంచిదే కానీ అది తప్పనిసరి కాదు, గడువు తప్పకపోవడం ముఖ్యం. ఇంటికి వచ్చినప్పుడు రెండుసార్లు ఇక్కడ, మధ్యలో రెండుసార్లు పనిచేసే చోట చూపించుకోండి. బయలుదేరే ముందు మీ కొలతల కాగితాన్నీ ఎక్స్‌రేనూ ఫోనులో ఫోటో తీసుకోండి, అక్కడి డాక్టరుకు వాటిని చూపిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు. అక్కడ కూడా కొలతలు రాయించుకుని ఫోటో దాచండి. ఖర్చు భారమైతే ప్రభుత్వ పెద్దాసుపత్రులలోని దంత విభాగాన్నో, దంత వైద్య కళాశాలనో అడగండి. మన వైపు విజయనగరం, విశాఖపట్నం మధ్య సంగివలసలో అలాంటి కళాశాల ఉంది. కళాశాలలలో సమయం ఎక్కువ పడుతుంది కానీ చిగుళ్ల నిపుణుల పర్యవేక్షణ ఉంటుంది.

గుట్కా, ఖైనీ, గుడాకు వంటివి ఏవైనా అలవాటుంటే అదీ చెప్పండి. గుండెకు కృత్రిమ కవాటం వేయించుకున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఆ మాత్రలను సొంతంగా ఆపకూడదు. ఈ మధ్యలో చిగురు నుంచి చీము, కొత్తగా పన్ను కదలడం, నమిలినప్పుడు ఒక పన్ను ఎత్తుగా తగలడం, బుగ్గ వాపు కనిపిస్తే గడువు కోసం ఎదురుచూడకుండా దగ్గరలో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లండి. సంక్రాంతి వారంలో క్లినిక్‌లు మూసి ఉంటాయి కనుక, పండక్కి వచ్చేటప్పుడు రైలు టికెట్టు తీసుకున్న రోజునే ఫోన్ చేసి, పండగ ముందు రోజులకు అపాయింట్‌మెంట్ పెట్టించుకోండి.